నలభై ఏడో కవరు

కళ్ళు మూస్తే చాలు, పినాకపాణికి ఒక తలుపు కనిపించేది.

చెక్క తలుపు కాదు, ఇనప తలుపూ కాదు. లేత గులాబీ రంగు గుహ, ఆ గుహ చివర రెండు తెల్లటి రెప్పలు. ఊపిరి తీస్తే విచ్చుకునేవి, వదిలితే దగ్గరయ్యేవి. మనిషి గొంతులో మాట పుట్టే చోటు అది. ఊపిరందక కొట్టుకునే మనిషికి గొట్టం వెయ్యాలంటే సరిగ్గా ఆ రెండు రెప్పల మధ్యనుంచే పోవాలి. ఏమాత్రం పక్కకి జారినా అది అన్నం పోయే దారి. అటు గాలి పంపితే పొట్ట ఉబ్బుతుంది గానీ ప్రాణం నిలవదు.

పాణి పెద్దాసుపత్రిలో ఎమర్జెన్సీ వైద్యం ఆఖరి సంవత్సరం చదువుతున్న డాక్టరు. ఇరవై ఎనిమిదేళ్ళు. తాతగారి పేరు పెట్టడం వల్ల, పేరు విని వచ్చినవాళ్ళు ముసలి డాక్టరు కోసం వెతుక్కునేవాళ్ళు. ఆ గులాబీ తలుపు అతన్ని ఎంతగా పట్టేసిందంటే, టీ కొట్టు దగ్గర గ్లాసులోంచి ఆవిరి లేస్తే ఆ ఆవిరిలో కూడా రెండు రెప్పలు తెరుచుకున్నట్టే ఉండేది.

అలా పట్టేసింది అంటే కారణం కెమెరా. పాతకాలం పరికరం ఒక వంకర ఇనప పలక, చివర చిన్న బల్బు. దాంతో నాలుక ఎత్తిపట్టి, రోగి తల దగ్గర వంగి, నోట్లోకి కన్ను పెట్టి చూసుకోవాలి. కొత్తదాని చివర కందిగింజంత కెమెరా ఉంటుంది. పక్కన అరచెయ్యంత తెర. కెమెరా చూసిందంతా తెర మీద పెద్దదై మెరుస్తుంది. మొదటిసారి ఆ తెర మీద తలుపు తెరుచుకోవడం చూసిన రోజు పాణి భోజనం సంగతే మర్చిపోయాడట.

అతని గురువు సుభానీ సారు. ముప్ఫయ్యేళ్ళుగా ఆ వార్డులోనే ఉన్నాడాయన. పొట్టి మనిషి, తెల్ల గడ్డం, మాట తక్కువ. పాఠం చెప్పమంటే తల గోక్కునేవాడు. చెయ్యి మాత్రం చెప్పేది.

కెమెరా కొత్తగా వచ్చినప్పుడు పాణి నేర్చుకునే బొమ్మ మీద అభ్యాసం చేస్తున్నాడు. తలుపు తెర నిండా కనిపిస్తోంది. అంత బాగా కనిపిస్తున్నా గొట్టం మాత్రం పోదు. తలుపు దాకా వచ్చి గుమ్మానికి తగిలి ఆగిపోతోంది. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. చొక్కా తడిసిపోయింది. సుభానీ సారు వెనకనుంచి వచ్చి పాణి మణికట్టు పట్టుకుని గోరంత వెనక్కి లాగాడు. తెర మీద తలుపు దూరం జరిగింది, చిన్నదైంది, సగం మరుగున పడింది. గొట్టం మాత్రం వెన్నలో కత్తిలా దిగిపోయింది.

"ఇదేంటి సార్, ఇప్పుడు సగమే కనిపిస్తోందిగా!"

"మిగతా సగంలోనే కదా నాయనా, గొట్టానికి చోటు," అని ఆయన టీకి వెళ్ళిపోయాడు.

ఆయన చెప్పేది ఎప్పుడూ అంతే. మిగతాది ఎవరికి వాళ్ళు వండుకోవలసిందే.

ఆ రెండు పరికరాల్లో ఏది మేలో చూడాలని సారే ఒక పరిశోధన మొదలుపెట్టాడు. పాణి చదువుకి అదే థీసిస్. వేసవిలో పరీక్ష. థీసిస్ ఒప్పుకోకపోతే పరీక్ష రాయనివ్వరు, ఆర్నెల్లు వెనక్కి.

పద్ధతి చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యేది. ఒక రేకు పెట్టె. దాంట్లో వరసగా అంకెలు వేసిన మూసిన కవర్లు. ఒక్కో కవర్లో ఒక్కో చీటీ. కొన్నిటి మీద 'కెమెరా' అని, కొన్నిటి మీద 'పాతది' అని. ఏది ఎందులో ఉందో ఎవరికీ తెలీదు. గొట్టం వెయ్యాల్సిన మనిషి వచ్చినప్పుడు తర్వాతి కవరు చింపాలి. మొదటి ప్రయత్నం చీటీ చెప్పినదానితోనే. అది కుదరకపోతే రెండో ప్రయత్నం ఎవరికి ఏది చేతనైతే దాంతో. ఇంకో నియమం కూడా ఉంది. ఫలానా మనిషికి ఫలానాదే కావాలని డాక్టరుకి గట్టిగా అనిపిస్తే కవరు చింపకముందే చెప్పెయ్యాలి. అప్పుడు ఆ మనిషి ఈ లెక్కలోకి రాడు, అంతే.

"కవరు చింపకముందు నీ బుద్ధి. చింపాక చీటీ మాట," అనేవాడు సారు.

పెట్టెకి కాపలా సిస్టర్ రాజరత్నం. రిటైరు కావడానికి రెండేళ్ళున్నాయి. డాక్టర్లని పిల్లలకింద జమకట్టేది. "లైటుకి పెట్టి చూడబాక బాబూ, లోపల నల్ల కాగితం ఉంది. సారూ నేనూ కూచుని మడిచి, కలిపేశాకే అంకెలేశాం," అని పాణిని మొదటిరోజే దెప్పింది.

కార్తీకంలో ముసురు పట్టి అది మూడో రోజు. మధ్యాహ్నమే అయినా వార్డంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. ఆకుపచ్చ తెరల్లోంచి వచ్చే వెలుతురు కూడా ఆకుపచ్చగానే ఉంది. చూరు మీద వాన ఒకటే దరువు. ఆ దరువులో చెంచురామయ్య అనే పెద్దాయన్ని స్ట్రెచర్ మీద తోసుకొచ్చారు. అరవై దాటినవాడు, ఉబ్బసం. పెదాలు నేరేడు పండు రంగుకి తిరిగాయి. మెడ పొట్టి, గడ్డం లోపలికి. గొట్టం వేసేవాళ్ళు చూడగానే గుటకలు మింగే గొంతు.

సిస్టర్ ఆయన మొహం మీద మాస్కు అదిమి పట్టి, రెండో చేత్తో గాలి సంచి నొక్కుతోంది.

"బాబూ, నా రెండు చేతులూ ఖాళీ లేవు. కవరు నువ్వే చింపు."

పాణి నలభై ఏడో కవరు చింపాడు. 'పాతది.'

చీటీ వంక చూశాడు, ఆ పొట్టి మెడ వంక చూశాడు. కెమెరాయే కావాలి అని చింపకముందు అనుంటే సరిపోయేది. ఆ మాటకి ఇప్పుడు వేళ దాటిపోయింది. మనిషి ప్రాణం కొట్టుకుంటుంటే కాగితమ్ముక్కా నాకు చెప్పేది, అనిపించింది. వాన చప్పుడులో ఆ క్షణం చాలా పొడుగ్గా సాగింది. చీటీని మళ్ళీ కవర్లో పెట్టాడు, కవరు కోటు జేబులోకి పోయింది. నలభై ఎనిమిది చింపాడు.

"కెమెరా," అని గట్టిగా చదివాడు.

గొట్టం కలలోలాగే పోయింది. తెర మీద గులాబీ గుహ, తెల్ల రెప్పలు, అవి విచ్చుకోవడం, గొట్టం మెత్తగా జారడం. పాణికి తను ఆసుపత్రిలో ఉన్నట్టే లేదు.

గంట గడవకముందే మస్తానమ్మని తెచ్చారు. ముప్ఫై ఏళ్ళ మనిషి, రొయ్యల షెడ్డులో పని. షెడ్డులో గోనెపట్టా మీద నడుం వాల్చినప్పుడు కట్లపాము కరిచింది. రెప్పలు ఎత్తలేకపోతోంది. మాట ముద్దైపోయింది. విషం విరుగుడు ఎక్కుతున్నా ఊపిరి మాత్రం అడుగంటిపోతోంది. సన్నటి మెడ. సులువు గొంతు.

సిస్టర్ పెట్టెలో చెయ్యి పెట్టబోయింది. "చింపే ఉంచాను సిస్టర్," అని పాణి జేబులోంచి నలభై ఏడు తీశాడు. "పాతది." సులువు గొంతేగా, ఏదైతేనేం అనుకున్నాడు.

సులువు గొంతు సులువుగా లొంగలేదు. నాలుక పక్కకి జారింది, తలుపు కనపడలేదు. ఇంకాస్త ఎత్తాడు. టిక్కుమని చిన్న చప్పుడు. పైవరస ముందు పన్ను చిట్లింది. ముక్కని జాగ్రత్తగా పట్టకారుతో తీసి పక్కన పెట్టి, మళ్ళీ మాస్కుతో ఊపిరి నింపి, రెండోసారి కెమెరా అందుకున్నాడు. పోయింది.

సాయంత్రం సిస్టర్ రిజిస్టరు రాస్తూ కళ్ళజోడు పైకి తోసుకుంది.

"నలభై ఎనిమిది ముందొచ్చి, నలభై ఏడు వెనకొచ్చిందేం బాబూ? మా బళ్ళో అట్టా చెప్పలేదే అంకెలు."

"తొందరలో అలా అయిపోయింది సిస్టర్."

"ఓహో! తొందర," అంది. కవర్లు రెండూ విడిగా తీసి పెట్టుకుంది.

అయిదు రోజులు గడిచాయి. చెంచురామయ్యకీ మస్తానమ్మకీ గొట్టాలు తీసేశారు. ఇద్దరూ తేరుకున్నారు. పాణి మాత్రం సుభానీ సారు గదికి వెళ్ళాడు. మనసులో మాట తొలుస్తోంది మరి.

"సార్, ఇంక ఆపేద్దాం."

"దేన్ని?"

"ఆ పెట్టెని. మొన్న ఒకే మధ్యాహ్నం చూశాంగా. అంత కష్టమైన గొంతు, కెమెరాతో ఒక్క దెబ్బకి పోయింది. అంత సులువైన గొంతు, పాతదాంతో పన్ను విరిగింది. ఇంకా ఎంతమందికి చీటీలు తీస్తాం సార్? బయటి దేశాల పుస్తకాల్లో కూడా కెమెరానే మేలని రాశారు."

"రాశారు."

"మరి?"

"వాళ్ళ చేతుల సంగతి వాళ్ళు రాశారు."

"మన చేతుల సంగతి నాకు తెలుసు సార్!" ఆ మాట కాస్త గట్టిగానే వచ్చింది.

సుభానీ సారు బల్ల మీది గాజుగుండుని అటు జరిపాడు. దాని కింద రెండు చింపిన కవర్లు. నలభై ఏడు, నలభై ఎనిమిది. సిస్టర్ పెట్టినవి.

పాణి కళ్ళు వాటి మీదే ఆగాయి. సారు వాటిగురించి అడుగుతాడని చూశాడు. ఆయన అడగలేదు. మూలనున్న ముక్కాలి పీట చేత్తో పట్టుకుని లేచాడు.

"చెంచురామయ్య సంతకం తీసుకున్నావా?"

"లేదు సార్."

"పద."

ఆ సంతకం సంగతి ఇదీ. ఊపిరందని మనిషిని పట్టుకుని పరిశోధనలో చేరతారా అని అడగలేం కదా. అందుకని పరిశోధన సవ్యంగా ఉందో లేదో చూసే పెద్దల కమిటీ ఒక ఏర్పాటు చేసింది. మనిషి తేరుకున్నాక మంచం దగ్గరికి వెళ్ళి, జరిగిందంతా కాగితం చూసి చదివి వినిపించాలి. ఒప్పుకుంటే సంతకం పెడతారు. వద్దంటే వాళ్ళని లెక్కలోంచి తీసెయ్యాలి.

వరండాలో ముసురు సన్నగా పడుతూనే ఉంది. ముందు సారు, చేతిలో పీట. వెనక పాణి, చేతిలో కాగితం. చెప్పేస్తే థీసిస్ ఉంటుందో పోతుందో. ఆర్నెల్లు. నాన్నకేం చెప్పాలి? చెప్పకపోతే? సిస్టర్‌కి తెలుసు, సారుకి తెలుసు. అయినా సారు అడగలేదుగా. వరండా ఎంతకీ అయిపోవడం లేదు. నీళ్ళలో నడుస్తున్నట్టుంది.

చెంచురామయ్య దిండుకి ఆనుకుని కూచుని ఇడ్లీ తింటున్నాడు. గొంతు ఇంకా బొంగురు.

"రండి రండి! పెద్ద డాక్టరుగారే పీట మోసుకొచ్చారే! ఈ అబ్బయేనా నాకు ఊపిరి పోసింది?"

"ఇతనే," అన్నాడు సారు. "మీకో కాగితం చదివి వినిపిస్తాడు."

పాణి చదివాడు. "అయ్యా, మీకు ఊపిరి అందని పరిస్థితిలో గొంతులోకి గొట్టం వెయ్యవలసి వచ్చింది. దానికి రెండు పరికరాలు వాడుకలో ఉన్నాయి. మన ఆసుపత్రిలో ఏది మేలో తెలుసుకోవడానికి ఈ పరిశోధన. మీకు ఏది వాడాలో డాక్టరు ఎంచుకోలేదు. మూసిన కవర్లోని..."

అక్కడ ఆగిపోయింది.

సుభానీ సారు పీట వేసుకుని కూచున్నాడు. చుట్టాన్ని చూడ్డానికొచ్చి బస్సుకి ఇంకా టైముంది అనుకునేవాడిలా. కిటికీ అవతల గోడ మీద ఒక కాకి రెక్కలు దులుపుకుంటోంది. ఆయన దాన్నే చూస్తున్నాడు.

పాణి మళ్ళీ మొదటినుంచి చదివాడు. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగాడు. డాక్టరు ఎంచుకోలేదు.

"ఏం నాయనా, అక్షరాలు కనపడ్డంలా? నా కళ్ళద్దాలు తీసుకో," అన్నాడు చెంచురామయ్య, ఇడ్లీ చేత్తోనే దిండు కింద వెతుకుతూ.

పాణి కాగితం మడిచాడు.

"పెద్దాయనా, ఇందులో రాసింది మీ విషయంలో నిజం కాదు. చీటీలో పాతది అని వచ్చింది. నేను దాన్ని దాచేశాను. తర్వాతి కవరు చింపి, కెమెరా వాడాను. ఎంచుకున్నది నేనే."

చెంచురామయ్య ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టి, రెండు చేతులూ ఎత్తాడు.

"నా మీద అంత దయ కలిగిందా తండ్రీ! నీ కడుపు చల్లగుండ! మా ఓడు వింటే నీ కాళ్ళు మొక్కుతాడు. ఈ కాలంలో ఎవరు చేస్తారయ్యా!"

పాణి గుండె ఒక్కసారిగా తేలికపడింది. చూశారా అన్నట్టు సారు వంక చూశాడు. సారు కాకి వంకే చూస్తున్నాడు.

పెద్దాయన సంతోషం కొంచెంసేపు సాగింది. తర్వాత ఆయన వేళ్ళు ముడుస్తూ ఏదో లెక్క వేసుకోవడం మొదలుపెట్టాడు.

"ఉండు ఉండు అబ్బయా. నేను కాలవ నీళ్ళు వంతులేసి పంచేవాణ్ణి. నలభై ఏళ్ళు అదే పని. నీళ్ళు తక్కువైతే మాకూ చీటీలే. ఒకడి వంతు మీద జాలిపడి మార్చామనుకో, వాడి చీటీ గాల్లో కలిసిపోదు. ఎవుడో ఒకడి చేతిలో పడతది." వేలు ఎత్తి అడిగాడు. "నా చీటీ ఎవరికి పోయింది నాయనా?"

అడ్డుతెర అవతల ఆడవాళ్ళ మంచాలు. ఎవరో నవ్వారు. పాణి తల తిప్పాడు. తెర సందులోంచి మస్తానమ్మ కనిపించింది. పక్కమంచం ఆవిడతో ఏదో చెప్పి నవ్వుతోంది. నవ్వుతూ కొంగు తెచ్చి నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ అయిదు రోజులూ రౌండ్సుకి వచ్చినప్పుడల్లా ఆ కొంగు చూస్తూనే ఉన్నాడు. సిగ్గరి మనిషి కాబోలు అనుకున్నాడు.

సుభానీ సారు లేచాడు. పీట తనే ఎత్తుకుని తెర అవతలికి నడిచాడు. మస్తానమ్మ మంచం పక్కన దాన్ని వేశాడు. ఈసారి తను కూచోలేదు. పాణి కోసం ఆగాడు.

పాణి వెళ్ళి కూచున్నాడు. చెప్పాడు. ఈసారి కాగితం విప్పలేదు. చీటీ ఎవరిదో, ఎవరికి వచ్చిందో, ఎవరు మార్చారో, పన్ను ఎలా విరిగిందో అంతా చెప్పాడు.

మస్తానమ్మ కొంగు అలాగే పట్టుకుని విన్నది.

"అట్టనా! మా ఆయన రోజూ అడగతా ఉండాడు సార్. పాము కరిచింది కాలికైతే పన్నెట్టా ఊడిందే అని. కలలో పామునేమన్నా తిరిగి కరిచావా అంటాడు. నేనేం చెప్పేది?" అని నవ్వబోయి, ఆగింది. "అయితే నా చీటీ నాకొచ్చుంటే, ఆ కెమెరాదే పెట్టుంటే, నా పన్ను ఉండేదా?"

అరగంట ముందైతే పాణి దగ్గర దానికి జవాబు ఉండేది. సారు గదిలో బల్ల గుద్ది చెప్పిన జవాబే. అది నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. కష్టమనుకున్న గొంతు సులువైంది, సులువనుకున్నది కష్టమైంది, ఆ రోజు చేతికి ఏమైందో చేతికే తెలీదు. వాన ఆగినట్టుంది. వార్డులో చప్పుళ్ళన్నీ దూరంగా జరిగిపోయాయి.

"తెలీదమ్మా."

"డాక్టరువి, నీకు తెలీదా!"

"తెలీదు. తెలుసుకోవాలనే ఆ పెట్టె పెట్టింది."

"మరి తెలీకుండానే ఎట్టా మార్చావు?"

పాణి తల దించుకున్నాడు. మస్తానమ్మ అతని మొహం చూసి కాస్త మెత్తబడింది.

"సర్లే సార్, అట్టా మొహం వేలాడేసుకుంటే నా పన్నొస్తదా? ఊపిరైతే నువ్వే నిలబెట్టావుగా. ఇప్పుడు నేనేం చెయ్యాల?"

"మీరు వద్దంటే మిమ్మల్ని ఈ లెక్కలోంచి తీసేస్తాం."

ఆమె ఆలోచించింది. నాలుకతో విరిగిన పన్ను అంచు తడుముకుంది.

"తియ్యబాకండి. పన్నెట్టాగూ పోయింది, లెక్కలోనన్నా ఉండనీ. జరిగింది జరిగినట్టు రాయండి, అంతే." సంతకం పెట్టింది. మూడు వంకర అక్షరాలు, చివర ఒక పొడుగు గీత.

"రేపు పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారమ్మా," అన్నాడు సుభానీ సారు. వార్డులో ఆ వైపుకి వచ్చాక ఆయన అన్నది అదొక్కటే.

తెర ఇవతల చెంచురామయ్య కూడా పెన్ను కోసం చెయ్యి చాపి ఉన్నాడు. అంతా విన్నాడు. సంతకం పెట్టాడు గానీ మళ్ళీ దీవించలేదు. "ఇడ్లీ తింటావా నాయనా?" అని మాత్రం అడిగాడు.

గదికి తిరిగొచ్చేసరికి సిస్టర్ రాజరత్నం అక్కడే ఉంది, ఏదో రిజిస్టరు కోసమని వచ్చినట్టు. పాణి మొహం చూసి, ఏ వెటకారమూ ఆడకుండా టీ గ్లాసు అతని ముందుకి తోసింది.

"నా పరీక్ష ఏమవుతుంది సార్?" అన్నాడు పాణి.

"జరిగింది రాసి కమిటీకి పంపుతాం. ఏమంటారో తెలీదు."

"థీసిస్ కొట్టేస్తే?"

"కొట్టెయ్యొచ్చు."

ఆయన అలమారలోంచి అట్ట చిరిగిన ఒక నోటు పుస్తకం తీశాడు. చీటీ మాట తప్పినప్పుడు రాయవలసిన పుస్తకం అది. పరిశోధన మొదలై ఏడాది కావస్తున్నా పాణి ఎప్పుడూ దాన్ని తెరవలేదు. దాని అవసరం తనకెందుకొస్తుంది అనుకునేవాడు. తెరిస్తే తెల్లగా ఉంటుందనీ, ఆ తెల్లటి కాగితాన్ని మొదట పాడు చేసేది తనేననీ ఇప్పుడు అనిపించింది.

"రెండో వరసలో రాయి," అన్నాడు సుభానీ సారు, కిటికీ తీస్తూ.

రెండో వరస ఎందుకో పాణికి అర్థం కాలేదు. పుస్తకం తెరిచాడు.

మొదటి వరస నిండి ఉంది. పొడుగ్గా, కుడివైపు వాలిన చేతిరాత. మందుల చీటీల మీద మూడేళ్ళుగా చూస్తున్నదే.

కవరు: తొమ్మిది. చీటీ: కెమెరా. వాడింది: పాతది. ఎవరు: సుభానీ. కారణం: నాకు తెలుసనుకున్నాను.

పాణి చాలాసేపు ఆ వరసనే చూశాడు. కిటికీలోంచి తడి మట్టి వాసన వస్తోంది. టీ చల్లారింది.

తర్వాత పెన్ను తీసి రెండో వరసలో రాశాడు. కవరు: నలభై ఏడు. చీటీ: పాతది. వాడింది: కెమెరా. ఎవరు: పినాకపాణి.

ఆఖరి గడి దగ్గర పెన్ను ఆగింది. అక్కడ రాయడానికి అతనికి కొత్త మాటేదీ దొరకలేదు. పైదే, అన్నట్టుగా రెండు చిన్న గీతలు పెట్టాడు.